గ్రేడ్ 4 యాంజాక్ ఎక్స్‌కర్షన్: "మా కుటుంబం, యుద్ధం" అని అర పేజీ రాయమంటే ఏం రాయించాలి?

టార్నీట్_అమ్మ

అందరికీ నమస్కారం. మాది మెల్‌బోర్న్‌లో టార్నీట్. పెద్దమ్మాయి గ్రేడ్ 4. ఈ సెలవులు అయిపోయి టర్మ్ 2 మొదలవగానే వాళ్ళ క్లాసుని శ్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ అనే యుద్ధ స్మారకానికి తీసుకెళ్తున్నారు. ఏప్రిల్ 25 యాంజాక్ డేకి (1915లో గల్లిపోలీలో దిగిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల్నీ, యుద్ధాల్లో పోయినవాళ్ళనీ తలుచుకునే రోజు) ముందు బడిపిల్లల కోసమే ఒక కార్యక్రమం జరుగుతుందట కదా, దానికి. కన్సెంట్ ఇచ్చాను, బస్సు డబ్బులు కట్టాను. జాకెట్, మంచినీళ్ళ సీసా, లంచ్, పెరట్లో పూసినవి ఏవైనా ఉంటే ఒక చిన్న పూలగుత్తి పంపమన్నారు. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా నోటీసులో చివరి లైన్లతో వచ్చింది. ఇంట్లో ఎవరైనా యుద్ధంలో పనిచేసి ఉంటే పిల్లలు వాళ్ళ మెడల్స్ పెట్టుకు రావచ్చట, ఫొటో తేవచ్చట. ఉన్నా లేకపోయినా అందరూ "మా కుటుంబం, యుద్ధం" అని అర పేజీ రాసుకు రావాలట. దీని ఫ్రెండ్ వాళ్ళ ముత్తాత తండ్రి మెడల్స్ పెట్టుకొస్తోంది. రాత్రి నుంచి ఒకటే గొడవ, "మనకి ఒక్కళ్ళు కూడా లేరా అమ్మా?" అని. నాకు తెలిసి మా వైపు వ్యవసాయం, మావారి వైపు వ్యవసాయం, మధ్యలో ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక పోస్ట్‌మాస్టరు. తుపాకీ పట్టినవాళ్ళెవరూ లేరు.

ఇంకోపక్క మా అత్తగారు. పోయినవాళ్ళ చోటికి చంటిపిల్లల్ని తీసుకెళ్ళడమేంటి, వచ్చాక గుమ్మం బయటే నిలబెట్టి తలమీద నీళ్ళు పోయాలి అంటున్నారు.

అక్కడ అసలు ఏం చేస్తారు, తొమ్మిదేళ్ళ పిల్ల భయపడేలా ఉంటుందా, ఆ అర పేజీలో ఏం రాయించాలి? పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి.

శ్రీకాకుళం_శీను

అక్కా, ముందు అత్తగారి టెన్షన్ తీర్చెయ్యండి. శ్రైన్‌లో ఎవర్నీ పూడ్చిపెట్టలేదు. అది స్మారకం, సమాధి కాదు. మైల లేదు, స్నానం అక్కర్లేదు. ఆవిడ ఎలాగూ పోస్తారనుకోండి, అది వేరే సంగతి.

జాకెట్ మాత్రం మందంగా పంపండి. ఆ మెట్ల మీద గాలి చెవులు తెంపేస్తుంది. మా వాడు వెళ్ళినప్పుడు స్పీచ్‌లకంటే చలే ఎక్కువ గుర్తుంది వాడికి.

జీలాంగ్_పంతులమ్మ

ప్రైమరీ బడుల్లో రిలీఫ్ టీచర్‌గా చేస్తున్నాను, పిల్లలతో వెళ్ళాను కాబట్టి చెప్తాను.

ఈ పిల్లల కార్యక్రమాన్ని నడిపేది లెగసీ అనే సంస్థ. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బతికి వచ్చినవాళ్ళు, రాని తోటివాళ్ళ భార్యాపిల్లల్ని చూసుకోవాలని 1923లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టారు. పిల్లలకి కార్యక్రమం చేయడానికి వాళ్ళకంటే తగినవాళ్ళు ఉండరని నా ఉద్దేశం. చిన్న ప్రసంగాలు ఉంటాయి, ఒకరిద్దరు పెద్ద క్లాసుల పిల్లలు కూడా మాట్లాడతారు. తర్వాత ఓడ్ అని నాలుగు పాదాలు చదువుతారు, చివరి మాటని అందరూ తిరిగి అనాలి. ఆ పైన బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే రాగం, ఒక నిమిషం మౌనం, మళ్ళీ బ్యూగిల్, జాతీయ గీతం. ఆఖర్న ఒక్కో బడి తరఫున పూలు పెడతారు. భయపెట్టే బొమ్మలు గానీ, రక్తం గానీ ఏమీ ఉండవు. పిల్లలకి అన్నిటికంటే కష్టం ఆ ఒక్క నిమిషమే. ఇంట్లో గడియారం పెట్టి ఒకసారి నిలబెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

వీలుంటే లోపలికి కూడా తీసుకెళ్తారు. మధ్య హాల్లో నేల మట్టానికి కిందుగా ఒక రాయి ఉంటుంది. మీద చెక్కింది చదవాలంటే ఎవరైనా సరే తల వంచాల్సిందే, కావాలనే అలా అమర్చారు. ఏటా మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన నవంబరు 11న సరిగ్గా 11 గంటలకి పైకప్పులోని రంధ్రంలోంచి సూర్యకిరణం వచ్చి ఆ రాతి మీద పాకుతుంది. డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాలు గంట ముందుకి జరపడం) వచ్చాక గంట తేడా పడి, అద్దాలు పెట్టి సరిచేశారు. మిగతా రోజుల్లో దీపంతో అదే చూపిస్తారు. మా గ్రేడ్ 3 వాళ్ళకి యుద్ధం కంటే ఈ అద్దాల సంగతే నచ్చింది, తప్పేం లేదు.

ఇది ఇక్కడ ఎందుకంత పెద్ద విషయమో పిల్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇలా చెప్పండి. మొదటి ప్రపంచ యుద్ధానికి మన విక్టోరియా రాష్ట్రం నుంచి దాదాపు 89,000 మంది సముద్రం దాటి వెళ్ళారు, దాదాపు 19,000 మంది పోయారు. పోయినవాళ్ళ శవాల్ని ఇంటికి తేలేదు. ఓడెక్కి అంత దూరం వెళ్ళి కొడుకు సమాధి చూసొచ్చే స్తోమత మామూలు ఇళ్ళకి లేదు. వాళ్ళందరూ వచ్చి నిలబడటానికి 1934లో తెరిచిన చోటు ఇది.

మెడల్స్ గురించి ఒక మాట. సంపాదించినవాళ్ళు ఎడమ వైపు పెట్టుకుంటారు, వారసులు పెట్టుకుంటే కుడి వైపు. లేనివాళ్ళే క్లాసులో ఎక్కువమంది ఉంటారు, ఆ విషయం మీ అమ్మాయికి చెప్పండి.

నిర్మొహమాటం

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. యాంజాక్ డే అంటే గల్లిపోలీ దాడి గుర్తు కదా, 1915లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి డార్డనెల్స్ జలసంధి పట్టుకుని ఇస్తాంబుల్ మీద పడదామని వేసిన ప్లాన్ అది. గల్లిపోలీ టర్కీ వాళ్ళ నేల. వాళ్ళ ఇంటి మీదికి ఈ ఆస్ట్రేలియన్లు వెళ్ళారు. ఎనిమిది నెలలు కొండ అంచున ఇరుక్కుని, చీకట్లో ఓడలెక్కి వెనక్కి వచ్చేశారు. ఆస్ట్రేలియన్లు 8,000కి పైగా పోయారు, టర్కీ వైపు 80,000కి పైగా. మన తాతలు ఏ సామ్రాజ్యం పోవాలని జైళ్ళకి వెళ్ళారో ఆ సామ్రాజ్యం కోసం జరిగిన యుద్ధానికి మన పిల్లలు పూలు పెట్టడమెందుకు? ఆ రోజు ఒంట్లో బాగోలేదని ఇంట్లో ఉంచేయండి.

శ్రీకాకుళం_శీను

అన్నా, ఆ రోజు సెలవు పెడితే ఆ పిల్ల ఒక్కతే మర్నాడు క్లాసులో వేరుగా కనబడుతుంది. మన సిద్ధాంతాల బరువు దాని బ్యాగులో ఎందుకు వెయ్యడం?

రిటైర్డ్_సుబేదార్

నేను భారత సైన్యంలో ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. సికింద్రాబాద్‌లో ఉంటాను, ప్రస్తుతం కొడుకు దగ్గరికి వచ్చాను. నిర్మొహమాటం గారికి జవాబు చెప్పాలి.

దండ పెట్టడం వేరు, యుద్ధాన్ని సమర్థించడం వేరు. సిపాయి యుద్ధాన్ని ఎంచుకోడు బాబూ. పంపితే వెళ్తాడు.

ఇంక రెండో సంగతి. అది మనది కాని యుద్ధం అనడం సరికాదు. గల్లిపోలీలో యాంజాక్ కోవ్ అనే తీరంలో దిగిన మొదటి రోజే, అంటే 1915 ఏప్రిల్ 25నే, మనవాళ్ళు అక్కడ ఉన్నారు. 7వ ఇండియన్ మౌంటెన్ ఆర్టిలరీ బ్రిగేడ్, అందులో కోహాట్ బ్యాటరీ, జాకబ్స్ బ్యాటరీ అని రెండు ఫిరంగి దళాలు. ఫిరంగిని ముక్కలుగా విడదీసి కంచరగాడిదల మీద కట్టి, కొండ ఎక్కించి, పైన మళ్ళీ బిగించి కాల్చేవారు. ఆస్ట్రేలియా వాళ్ళ పెద్ద ఫిరంగులు ఆ ఏటవాలులో ఎక్కడం కష్టమైతే మొదట్లో ఆదుకున్నవి ఇవే. ఇక మ్యూల్ కోర్, అంటే కంచరగాడిదల దళం వాళ్ళు రాత్రుళ్ళు నీళ్ళు, తిండి, తూటాలు పైకి మోసేవారు. గల్లిపోలీ దక్షిణ కొసన హెలెస్ వైపు జూన్ 4న 14వ సిక్కు పటాలం ఒక్క పూటలో 300 మందికి పైగా పోగొట్టుకుంది, చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి. మొత్తం మీద దాదాపు 15,000 మంది భారతీయులు గల్లిపోలీలో పనిచేశారు. పోయినవాళ్ళ పేర్లు హెలెస్ స్మారకం మీద ఉన్నాయి.

మీ అమ్మాయి శ్రైన్ దగ్గర గాడిదతో ఉన్న మనిషి విగ్రహం చూస్తుంది. సింప్సన్ అని, గాయపడ్డవాళ్ళని గాడిద మీద మోసుకొచ్చినవాడు. ఆస్ట్రేలియాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. అతను మన మౌంటెన్ బ్యాటరీ వాళ్ళ దగ్గరే మకాం పెట్టుకుని వాళ్ళతోపాటే రొట్టెలు తినేవాడు. దిగిన నెల తిరక్కుండానే మే 19న పోయాడు. ఈ రొట్టెల సంగతి క్లాసులో చెప్తే టీచరు కూడా చెవి పెడుతుంది.

రఫీ_కడప

సుబేదార్ సాబ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 29వ ఇండియన్ బ్రిగేడ్‌లో రెండు పంజాబీ పటాలాలు ఉండేవి, 69, 89. వాటిల్లో ముస్లిం కంపెనీలు ఉన్నాయి. ముస్లింలకి ఖలీఫా అయిన టర్కీ సుల్తాను సైన్యం మీద వీళ్ళు కాలుస్తారా లేదా అని పైవాళ్ళకి అనుమానం వచ్చి, ఆ రెండిటినీ అక్కడినుంచి తీసి ఫ్రాన్స్ పంపేశారు. మరి అదే చోట ఫిరంగి బ్యాటరీల్లో, మ్యూల్ కోర్‌లో ముస్లింలు చివరిదాకా పనిచేస్తానే ఉన్నారు. నమ్మకం లేదన్నారు, నీళ్ళు మాత్రం వాళ్ళే మోయాల. నాకు చరిత్రలో ఇట్లాంటివే ఇష్టం, ఏ వైపూ సాఫీగా ఉండదు.

మేము రాక్స్‌బర్గ్ పార్క్‌లో ఉంటాము. మా వీధిలో సగం టర్కీ ఇండ్లే. మావాని క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు ఒక పిల్లోడు లేచి, మా తాత తాత పైన కొండ మీద ఉన్నాడు, మీ వాళ్ళు కింద ఉన్నారు అన్నాడంట. టీచరు మెచ్చుకున్నది. మెల్‌బోర్న్ యాంజాక్ డే మార్చ్‌లో టర్కీ సంతతివాళ్ళు కూడా నడుస్తారు. నిర్మొహమాటం అన్న అడిగిన ప్రశ్న ఇక్కడోళ్ళు అడగనిదేమీ కాదు. ఇంట్లో ఉంచేయడం కంటే, అది టర్కీ వాళ్ళ నేల అని పిల్లకి చెప్పి పంపండి.

శ్రీకాకుళం_శీను

అందరూ సిక్కులు, గూర్ఖాలు, పంజాబీలే. మన తెలుగోళ్ళు ఒక్కరూ లేరా గల్లిపోలీలో? ఉంటే అక్క పని సులువైపోతుంది కదా.

మాధవరం_మనవడు

లేనివాళ్ళని తెచ్చి అతికించకండి సార్. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని ఒక పిచ్చి సిద్ధాంతం పెట్టుకుని, 19వ శతాబ్దం చివరికే మద్రాసు సైన్యాన్ని కోసుకుంటూ వచ్చారు. అందుకే ముందు వరుసల్లో పంజాబ్, నేపాల్ పేర్లే కనబడతాయి. మద్రాస్ శాపర్స్ (దారులు, వంతెనలు వేసే సైనికులు) లాంటి పటాలాలు మిగిలాయి, వాళ్ళు మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) వైపు పనిచేశారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే పశ్చిమ గోదావరిలో ఎవరైనా దారి చెప్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ మా ఊరి వాళ్ళు పటాలంలో ఉన్నారు, రెండోదాంట్లో ఇంకా చాలా ఎక్కువమంది వెళ్ళారు. అరుగొలను కోట కాపలాకి రాజులు తెచ్చి పెట్టిన కుటుంబాలం అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఊరి మధ్య స్మారకం ఉంది. అయినా మా ఇంట్లో యుద్ధం కబుర్లు ఎవరూ పెద్దగా చెప్పలేదు. మా తాత చెప్పిందల్లా బర్మా దోమల గురించీ, బూట్లు పాడైపోవడం గురించీ. ఆయనకి వచ్చిన మెడల్ ఏ పెట్టెలో ఉందో ఇప్పటికీ తెలీదు. మెడల్ ఉన్న ఇంట్లో కథ ఉంటుందనీ, లేని ఇంట్లో ఉండదనీ అనుకోకండి.

నిర్మొహమాటం

సుబేదార్ గారూ, రఫీ గారూ, మీరు చెప్పినవి నాకు కొత్తే, థాంక్స్. అయినా నా అభ్యంతరం పోలేదు. ఇక్కడ యాంజాక్ డే నాడు ఎంసీజీ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది, ఎసెన్‌డన్, కాలింగ్‌వుడ్ జట్లు 1995 నుంచి ఆడుతున్నాయి. దానికి లాస్ట్ పోస్ట్, దానికీ మౌనం, వెంటనే బీరు. సంతాపం ఎక్కడ అయిపోయి పండగ ఎక్కడ మొదలవుతుందో నాకైతే అర్థం కాదు.

విశాఖ_సముద్రం

మన దగ్గర పండగ కానిదేదో చెప్పండి సార్. మాది వైజాగ్. చిన్నప్పుడు ప్రతి బడీ ఆర్కే బీచ్‌కి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళేది, ఇప్పుడూ అంతే. 2002 నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది. లోపల పిల్లలకి గుర్తుండేది ఇరుకు పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఎంత చిన్నదో. పక్కనే విక్టరీ ఎట్ సీ స్మారకం, 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టారు. డిసెంబరు 4 నేవీ డే నాడు అధికారులు దండలు పెడతారు. మేమందరం మాత్రం సాయంత్రం హెలికాప్టర్ల విన్యాసాలకి పోయేవాళ్ళం, బఠాణీలు, మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మా తీరం దగ్గర మునిగిపోయిందని గర్వంగా చెప్పేవారు. అందులో 93 మంది ఉన్నారని, వాళ్ళకీ ఇళ్ళున్నాయని ఏ మాస్టారూ చెప్పిన గుర్తు లేదు. ఇక్కడ పిల్లల్ని ఒక్క నిమిషం నిలబెడుతున్నారంటే నాకు కుళ్ళుగానే ఉంది.

అది సరే, టార్నీట్_అమ్మ గారూ, మీది ఏ ఊరు? ఎందుకు అడుగుతున్నానంటే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటి పెట్టారు కూడా. మా తాతల తరంలో ఊరు వదిలి పరుగెత్తని ఇల్లు లేదు. మీ పెద్దవాళ్ళది ఆ చుట్టుపక్కలైతే ఫోన్ చేసి అడిగి చూడండి.

రిటైర్డ్_సుబేదార్

విశాఖ గారూ, మరీ అలా అనకండి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో వీరుల సైనిక స్మారక్ దగ్గర జులై 26న కార్గిల్ విజయ్ దివస్‌కి దండలు పెడతారు, అక్కడ శోక్ శస్త్ర కమాండ్ పడితే ఈగ వాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర బడిపిల్లలు ఆగి నమస్కారం పెట్టడం నేను కళ్ళారా చూశాను. అయితే ప్రైమరీ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఇది ఎందుకో విడమరిచి చెప్పే అలవాటు మనకి తక్కువే, ఒప్పుకుంటాను.

టార్నీట్_అమ్మ

మాది కాకినాడే! విశాఖ గారూ, మీ పోస్ట్ చూసి వెంటనే మా అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ "ఓ, బాంబులేసినప్పటి సంగతా" అని కూరగాయల బేరం చెప్పినంత తేలిగ్గా మొదలుపెట్టింది. మా అమ్మమ్మకి అప్పుడు పదేళ్ళు. మధ్యాహ్నం వంటిల్లు అలాగే వదిలేసి, ఎద్దుల బండి కట్టుకుని పెద్దాపురం దగ్గర చుట్టాలింటికి పోయారట. ఊరు ఊరంతా దారి మీదే ఉందట. ఆవకాయ కోసం కాయలు బేరం ఆడుకున్న రోజులు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదట. అమ్మమ్మ బతికున్నంతకాలం ఏ ఏడు కాయ సరిగ్గా రాకపోయినా "బాంబుల ఏడు కంటే నయమే" అనేదని అమ్మ చెప్పింది. ఆ మాట నేనూ విన్నాను, సామెత అనుకున్నాను.

ఇది రాయించవచ్చా? యాంజాక్‌కి సంబంధం లేదు కదా, టీచర్ ఏమంటారో.

జీలాంగ్_పంతులమ్మ

తప్పకుండా రాయించండి. అడిగింది "మా కుటుంబం, యుద్ధం" అని. డార్విన్ మీద జపాన్ బాంబులు వేసింది అదే ఏడు ఫిబ్రవరి 19న. టీచరు ఆ రెండూ పక్కపక్కన చూడకపోతే మీ అమ్మాయినే చెప్పమనండి.

బగాన్_దాతో

ఆలస్యంగా చూశాను. నా తెలుగు కొంచెం పాతకాలంది, ఏమనుకోకండి. మాది మలేషియా, పేరాక్‌లో బగాన్ దాతో. మా ముత్తాతలు శ్రీకాకుళం జిల్లా నుంచి తోటల్లో పనికి వచ్చినవారు. నేను చదువుకి మెల్‌బోర్న్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

మెడల్ లేని ఇంట్లోనూ కథ ఉంటుందన్న మాధవరం గారి మాట పట్టుకుని చెప్తున్నాను. 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు వరకు జపాన్ వారు సియాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించారు. ఆ పనికి 60,000 మందికి పైగా యుద్ధఖైదీలను తెచ్చారు, వారిలో ఆస్ట్రేలియన్లు సుమారు 13,000. సుమారు 2,800 మంది ఆస్ట్రేలియన్లు అక్కడే పోయారు. ఇది ఇక్కడ అందరికీ తెలుసు. తెలియనిది ఏమంటే, ఖైదీలు కాక రెండు లక్షలకు పైగా కూలీలు ఉన్నారు. బర్మావారు, జావావారు, మలయా తోటల నుంచి తీసుకుపోయిన మనవారు. ఎక్కువమంది తమిళులు, వారితో తెలుగువారూ మలయాళీలూ. వీరిలో పోయినవారు 90,000 వరకు ఉంటారని లెక్క. కలరా వచ్చిన 1943 వానాకాలంలో కొన్ని శిబిరాలు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయాయి. ఖైదీలకు వారి సైన్యంలోని డాక్టర్లైనా ఉన్నారు. కూలీలకు ఎవరున్నారు?

మా జేజి చెప్పేది. మంచి జీతం, మూడు నెలల పని అని మొదట ఆశ చూపారట. ఆ తరువాత ఎవరూ రాకపోతే తోటలో ఉచితంగా సినిమా ఆట అని పిలిచి, మగవారిని లారీలు ఎక్కించారట. మా జేజి తండ్రి అలా పోయినవారిలో ఒకరు. తిరిగి రాలేదు. ఏ శిబిరమో తెలియదు, ఏ తేదీయో తెలియదు. కాంచనబురిలో యుద్ధఖైదీల శ్మశానం ఉంది, దాదాపు 7,000 సమాధులు, ప్రతి దానికీ పేరో రెజిమెంటో, పచ్చిక కత్తిరించి ఎంతో చక్కగా ఉంచారు. నేను వెళ్ళి చూశాను. మావారివి అలాంటివి లేవు. తద్దినం పెట్టడానికి తేదీ లేక మా జేజి ఏటా మహాలయ అమావాస్యకే పెట్టేది.

శ్రైన్ చుట్టూ ఉన్న కింగ్స్ డొమైన్ తోటలో వీరీ డన్‌లప్ విగ్రహం ఉంది. ఆ రైలు మార్గం మీద ఖైదీలను కాపాడిన ఆస్ట్రేలియా డాక్టరు. నేను ఏప్రిల్‌లో ఒకసారి పోయి దాని దగ్గర పూలు పెట్టి వస్తాను. ఆయన మావారికి వైద్యం చేశాడని కాదు. ఆ దారి మీద పనిచేసిన మనిషి నాకు మెల్‌బోర్న్‌లో దొరికేది ఆయన ఒక్కడే.

నిర్మొహమాటం

బగాన్ గారూ, ఈసారి మీరు వెళ్ళేటప్పుడు ఒక మెసేజ్ పెట్టండి. నేనూ వస్తాను.

శ్రీకాకుళం_శీను

శ్రీకాకుళం అని చదివి లేచి కూర్చున్నాను. బగాన్ అన్నా, మీ వాళ్ళది ఏ ఊరో తెలిస్తే ప్రైవేట్‌గా పంపండి, మా నాన్నకి ఆ చుట్టుపక్కల తెలియని ఊరు లేదు.

ఇక వాతావరణం తేలిక చెయ్యడానికి: అక్కా, ఎక్స్‌కర్షన్ లంచ్‌కి యాంజాక్ బిస్కట్లు చేసిపెట్టండి. ఓట్స్, మైదా, పంచదార, వెన్న, కొబ్బరి, గోల్డెన్ సిరప్, వంటసోడా. గుడ్డు ఉండదు, కాబట్టి అత్తగారూ తినొచ్చు. మా ఆవిడ గోల్డెన్ సిరప్ అయిపోయి బెల్లం పాకం పోసింది, అద్భుతంగా వచ్చాయి.

జీలాంగ్_పంతులమ్మ

బెల్లం పాకం పోసి అమ్మకానికి పెట్టకండి శీనూ! యాంజాక్ పేరు వాడకం మీద 1921 నుంచి ఇక్కడ చట్టం ఉంది. అమ్మేవాళ్ళు పాత పద్ధతికి దగ్గరగా చేయాలి, కుకీ అని మాత్రం అనకూడదు. ఇంట్లో తినడానికి మీ ఇష్టం. అలర్జీ ఉన్న పిల్లలుంటారు కాబట్టి బడికి పంచడానికి పంపేముందు టీచర్ని అడగండి.

టార్నీట్_అమ్మ

నిన్న వెళ్ళొచ్చారు. మా బడిలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేయడానికి ప్రభుత్వ అనుమతి) ఉన్న తల్లిదండ్రుల్నే తోడు రానిస్తారు, నాకుంది కాబట్టి నేనూ బస్సెక్కాను.

చినుకులు పడ్డాయి, శీను చెప్పినట్టే గాలి. మౌనం మొదలైన కాసేపటికే మా వరసలో ఒకడు తుమ్మాడు, పక్కవాడికి నవ్వాగలేదు, వాణ్ణి చూసి ఇంకో నలుగురు. టీచర్ భుజం మీద చెయ్యి వేసింది తప్ప ఏమీ అనలేదు. బ్యూగిల్ మళ్ళీ మోగాక ఆ నవ్వినవాడే ఏడ్చాడు, ఎందుకో వాడికీ తెలీదు. మాది పెరట్లో చామంతులు పట్టుకెళ్ళింది. లోపల రాయి చూడటానికి వంగినప్పుడు జాకెట్‌కి గుచ్చిన రోజ్‌మేరీ రెమ్మ కింద పడిపోయింది, అక్కడ కాపలా ఉన్న ఆయన తీసి ఇచ్చారు. గాడిద విగ్రహం దగ్గర రొట్టెల కథ చెప్పింది. "చపాతీయా?" అని ఒకడు అడిగితే సుబేదార్ గారిని అడిగి చెప్తానంది. చెప్పండి సార్.

అర పేజీ బస్సులో చదివించారు. ఇంగ్లీషులో రాసింది, నేను తెలుగులో పెడుతున్నాను:

"మా ఇంట్లో సైనికులు లేరు. మా తాతమ్మకి పదేళ్ళప్పుడు జపాన్ విమానాలు వాళ్ళ ఊరి మీద బాంబులు వేశాయి. వాళ్ళు ఎద్దుల బండి మీద పారిపోయారు. బండి మెల్లగా వెళ్తుంది, విమానం ఫాస్ట్‌గా వెళ్తుంది. అందుకే వాళ్ళకి భయం వేసింది. ఆ ఏడు మామిడికాయ పచ్చడి పెట్టలేదు. మా తాతమ్మకి మెడల్ ఇవ్వలేదు. తర్వాత చాలా పచ్చళ్ళు పెట్టింది."

మెడల్స్ పెట్టుకొచ్చిన ఫ్రెండ్ ఆ పచ్చడి ఎలా ఉంటుందో చూడాలంటోంది. కారం గురించి వాళ్ళమ్మకి ముందే చెప్పాను.

అత్తగారు తలస్నానం చేయించారు. చలిలో వచ్చింది కాబట్టి వేణ్ణీళ్ళు మంచిదే అని నేనూ ఊరుకున్నాను.

రిటైర్డ్_సుబేదార్

చపాతీయే అని చెప్పండి. పటాలంలో దొరికేది అదే, గోధుమపిండి, నెయ్యి, పప్పు. సింప్సన్ అన్నం తిన్నాడని మాత్రం ఎక్కడా చదవలేదు. అమ్మాయికి నా ఆశీస్సులు.

కొత్తసభ్యురాలు_పాయింట్‌కుక్

థ్రెడ్ మొత్తం చదివాను. మా బాబు ప్రెప్‌లో (బడిలో మొదటి ఏడు) ఉన్నాడు, ఇంకా చిన్నవాడు. నవంబరు 11కి తీసుకెళ్ళొచ్చా? అలాగే డిసెంబరు సెలవుల్లో ఇండియా వెళ్తూ బ్యాంకాక్‌లో ఆగుతున్నాం, బగాన్ గారు చెప్పిన రైలు మార్గం పిల్లలతో చూసి రాగలమా?

జీలాంగ్_పంతులమ్మ

నవంబరు 11న జనం ఎక్కువ, ప్రెప్ పిల్లాడికి పెద్దవాళ్ళ మధ్య ఏమీ కనబడదు. మామూలు రోజు వెళ్ళండి, ప్రవేశం ఉచితం, దీపంతో ఆ వెలుగు చూపించే టైమ్ అడిగి లోపలే ఉండండి. ట్రామ్ ఎదురుగానే ఆగుతుంది. ఇప్పుడు యాంజాక్ స్టేషన్ కూడా వచ్చింది కాబట్టి కారు తీయకండి, పార్కింగ్ దొరకదు.

బగాన్_దాతో

చూడవచ్చు, డిసెంబరు చల్లని కాలమే. బ్యాంకాక్‌లో థొన్‌బురి స్టేషన్ నుంచి నామ్‌తోక్ వరకు రైలు ఉంది, కాంచనబురి వంతెన మీదుగా అదే పాత మార్గంలో పోతుంది. చిన్న పిల్లలతో అయితే కాంచనబురిలో ఒక రాత్రి ఉండండి. ఆ రైలు మార్గం కోసం కొండ తొలిచిన హెల్‌ఫైర్ పాస్ అక్కడి నుంచి సుమారు 80 కిలోమీటర్లు, కారు మాట్లాడుకోండి. అక్కడ ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే మ్యూజియం ఉంది, ఉచితమే. కొండ తొలిచిన చోటికి దిగడానికి మెట్లు చాలా ఉంటాయి, తిరిగి ఎక్కేటప్పుడు బాబుని ఎత్తుకోవలసి వస్తుంది. నీళ్ళు ఎక్కువ తీసుకుపొండి, దోమల మందు మరవకండి. వెళ్ళే తేదీ తెలిసాక రాయండి, మంచి డ్రైవరు ఒకరు తెలుసు, నంబరు ప్రైవేట్‌గా పంపుతాను.